తాతబ్బాయి గారి నురుగు డబ్బా

తాతబ్బాయి గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువునీ ఉన్నచోట ఉన్నట్టు వదిలిపెట్టలేరు. అది నిక్షేపంగా ఉన్నా సరే, దగ్గరికి వెళ్ళి, తల ఓ పక్కకి వంచి, ఒక కన్ను మూసి చూసి, "ఇంకొక్క వెంట్రుకవాసి" అంటూ తిప్పుతారు. తిప్పి, రెండడుగులు వెనక్కి వేసి, "ఇప్పుడు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒక రోజు ఆగాలి" అంటారు. మర్నాడు మళ్ళీ ఆయనే ముట్టుకుంటారు. కొలత చూసుకుందామన్నా ఆయన నెత్తిమీద ఒక్క వెంట్రుక లేకపోవడం ఇందులో విశేషం.

రాజోలు సెంటర్లో వట్టి తాతబ్బాయి అంటే ఎవరూ పోల్చుకోరు, వెంట్రుకవాసి తాతబ్బాయి అనాలి. ఫ్యాను రెగ్యులేటరులో మూడుకీ నాలుగుకీ మధ్య ఎక్కడో ఒక చోటుందనీ, అసలైన గాలంతా అక్కడే దాక్కుందనీ ఆయన నమ్మకం. బస్సెక్కితే సీటు కోసం చూడరు, తిన్నగా డ్రైవరు దగ్గరికెళ్ళి అద్దం సర్దుతారు.

"అద్దం కనపడాల్సింది నాకా, మీకా?" అని డ్రైవరు ఒకసారి కేకేశాడు.

"ఆయ్, మీకేనండి. వెంట్రుకవాసి కిందకి దించేనంటే వెనకాల లారీవాడు నిద్రపోతున్నాడో మెలకువగా ఉన్నాడో కూడా కనిపిస్తుందండి."

ఇక బావమరిది సాయిబాబు పెళ్ళి సంగతి చెప్పనే అక్కర్లేదు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన తాతబ్బాయి గారు, సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే సమయానికి పీటల మధ్యకి దూరి, పెళ్ళికొడుకు బాసికం సర్దడం మొదలుపెట్టారు. "బాబూ, ముహూర్తం దాటిపోతోంది" అని పురోహితుడు మొత్తుకున్నాడు. "బావగారూ, పెళ్ళయ్యేక సర్దండి, మీకు దణ్ణం పెడతాను" అని సాయిబాబు బతిమాలాడు. "అయిపోయింది, ఒక్క వెంట్రుకవాసి ఎడమకి" అన్నారు ఈయన. ఈనాటికీ ఆ పెళ్ళి వీడియోలో జీలకర్రా బెల్లం దగ్గరికి వచ్చేసరికి కనిపించేది తాతబ్బాయి గారి బట్టతల ఒక్కటే.

ఇలాంటి మనిషితో కాపరం ఎలా ఉంటుందో ఆయన భార్య నాగదుర్గని అడగాలి. అడగక్కర్లేదు, ఆవిడే చెబుతుంది. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఆయన మస్కట్‌లో ఒక పెద్ద హోటల్లో పనిచేశారు. మొదట గదులు ఊడ్చారు. తరవాత హోటలు ముందుగదిలో గోడంత గాజుతొట్టి ఉంటే, అందులో సముద్రపు చేపల్ని చూసుకునే పని దొరికింది. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చి, ఇంట్లో తలుపు గడియలన్నీ వెంట్రుకవాసి సర్ది, మళ్ళీ విమానం ఎక్కేసేవారు. ఒక్కతే కూతురు. పెళ్ళి చేసుకుని కాకినాడ వెళ్ళిపోయింది. తర్వాత నాగదుర్గకి ఇంట్లో మాట్లాడే దిక్కు లేకపోయింది.

రెండేళ్ళ కిందట ఆయన పూర్తిగా వచ్చేశారు. రాజమండ్రి నుంచి కారులో వస్తూ దారంతా ఒక పొడుగాటి అట్టపెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, చంటిపిల్లని పెట్టుకున్నట్టు. అది తనకోసమేనని నాగదుర్గ గుండె లోపల్లోపల గంతులేసింది.

"ఏం తెచ్చేరండీ అందులో?"

"స్కిమ్మరు."

"అంటే?"

"నురుగు తీసేది."

"నురుగా? నురుగు తియ్యడానికి నా దగ్గర చిల్లుల గరిటె లేదా?" అని ఆవిడ ఆ పెట్టెవైపు మళ్ళీ చూడలేదు.

వారం తిరక్కుండా ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి వెలిసింది. అందులోకి ఉప్పు నీళ్ళు కావాలి. అంతర్వేది దగ్గర సముద్రం మహా అయితే గంట ప్రయాణం. అయినా తాతబ్బాయి గారు బస్తాల్లో ఉప్పు తెప్పించి, మంచినీళ్ళలో కలిపి, గాజుపుల్ల ముంచి కొలిచి, ఇంట్లోనే సముద్రం తయారుచేశారు. అక్కడ గోదావరి కలిసే చోట ఉప్పు శాతం నిలకడగా ఉండదని ఆయన వాదన. "సముద్రం ఒడ్డున కాపరం పెట్టి ఉప్పు కొని సముద్రం చేసుకునే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు" అని నాగదుర్గ వీధి వీధంతా చెప్పుకొచ్చింది. చివరికి అందులోకి నారింజరంగు ఒంటిమీద తెల్లచారలున్న చేపలు రెండు వచ్చాయి.

ఎవరైనా ఇంటికొచ్చి "చేపలు బాగున్నాయండి" అంటే తాతబ్బాయి గారు నొచ్చుకునేవారు. ఆయన దృష్టిలో చూడాల్సింది చేపల్ని కాదు, తొట్టి పక్కన నిలబడ్డ ఆ గాజుగొట్టాన్ని.

"నీళ్ళలో సన్నటి బుడగలు కొడితే నురుగొస్తుందండి. చేపలు చేసిన మురికంతా ఆ నురుగుకి అంటుకుని గొట్టంలో పైకెక్కి ఈ గిన్నెలో పడుతుందండి. మనం పాకం కాచినప్పుడు మీద తెట్టు తీసెయ్యమా, అదేనండి. ఇదిగో ఈ మర కుడికి తిప్పితే గొట్టంలో నీరు లేస్తుంది, ఎడమకి తిప్పితే దిగుతుంది. ఎక్కువ లేస్తే పొంగిపోతుంది. తక్కువైతే మురికి అక్కడే ఉండిపోతుంది. అసలు కిటుకంతా..."

"వెంట్రుకవాసిలో ఉంది" అని వచ్చినవాళ్ళే పూర్తి చేసి కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

నాగదుర్గ దానికి నురుగు డబ్బా అని పేరు పెట్టింది. దాని గిన్నెలో రోజూ ముదురు గోధుమరంగు నీళ్ళు పడేవి. ఒకరోజు తాతబ్బాయి గారు కడుగుదామని ఆ గిన్నె తీసి వంటింటి గట్టు మీద పెట్టారు. ఇంతలో ఉప్పలగుప్తం నుంచి సాయిబాబు వచ్చాడు. అక్కడ అతనికి రొయ్యల చెరువులున్నాయి, నీళ్ళ గురించి తనకి తెలియనిది లేదంటాడు. అక్క స్నానంలో ఉంది కదా, కాఫీ తనే కలుపుకుందామని పాలు కాచుకుని, గట్టు మీదున్న డికాషన్ పోసుకుని, పంచదార వేసుకుని ఒక గుక్క వేశాడు. ఆ గుక్క ఎంత వేగంగా లోపలికెళ్ళిందో అంతకి రెట్టింపు వేగంతో పెరట్లోకొచ్చింది. "అక్కా, కాఫీపొడి మార్చెయ్యవే!" అన్న కేక నాలుగిళ్ళ అవతలికి వినపడింది. తాతబ్బాయి గారు మాత్రం గిన్నె వైపు చూసి, "అయ్యో, ఇవాళ ఎంత పడిందో కొలవలేదే!" అని బాధపడ్డారు.

ఇన్ని చెప్పినా అసలు విచిత్రం చెప్పలేదు. అన్ని సంగతులూ తెలిసిన ఈ పెద్దమనిషి, మస్కట్‌లో గోడంత తొట్టిని పదిహేనేళ్ళు నడిపిన మనిషి, ఇంట్లో ఈ చిన్న డబ్బాకి రెండేళ్ళయినా సరైన చోటు కనుక్కోలేకపోయారు. పొద్దున్న నురుగు చక్కగా ఉంటుంది. మధ్యాహ్నానికి చచ్చి ఊరుకుంటుంది. ఆయన సెంటరు నుంచి రావడం, దాన్ని చూడడం, కుడికి తిప్పడం. సాయంత్రానికి నురుగు లేస్తుంది, మళ్ళీ ఎడమకి తిప్పడం. ఒకసారి రాయవరంలో చుట్టాలింటికి వెళ్ళి, సాయంత్రం తిప్పాల్సింది తిప్పకపోతే, తిరిగొచ్చేసరికి గదంతా నురుగు పొంగి నాగదుర్గ చీపురు పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ మర పక్కన గోళ్ళరంగుతో రెండు ఎర్ర గీతలు పెట్టుకున్నారాయన. ఒక గీత దగ్గర 'పొ' అనీ, రెండో దాని దగ్గర 'దు' అనీ బుల్లి అక్షరాలు.

"ఇవేంటి బావగారూ?" అని సాయిబాబు అడిగాడు.

"పొ అంటే పొద్దున్న."

"మరి దు?"

తాతబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. "దుమ్ము. ఇంట్లో దుమ్ము లేస్తే నురుగు పడిపోతుంది. అప్పుడక్కడికి తిప్పాలి."

అది విన్న నాగదుర్గకి ఒళ్ళు మండిపోయింది. "నా ఇంట్లో దుమ్మా?" అని ఆ రోజు నుంచి రోజుకి మూడుసార్లు ఊడ్చింది. కిటికీలకి తడిగుడ్డలు కట్టింది. వీధిలో ఆటో వెళ్తే తలుపులేసేసింది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి ఆయన ఆ మరని 'దు' దగ్గరికి తిప్పుతూనే ఉన్నారు. ఆ ఒక్క అక్షరం ఆవిడకి కంట్లో నలుసై కూర్చుంది.

సెంటర్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. ఊరందరి ముందూ "చేపల కంపు, చేపల కంపు" అని ముక్కు మూసుకునే నాగదుర్గ, రోజూ పదకొండింటికి ఏం చేస్తుందో చూస్తే వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

పదకొండింటికి తాతబ్బాయి గారు పేపరు చదవడానికి సెంటరుకి వెళ్తారు. వెళ్తూ వెళ్తూ ఇనప గేటుని ధడేలుమని వేస్తారు. మిగతా వస్తువులన్నిటినీ పూలరేకుల్లా ముట్టుకునే మనిషి ఆ గేటు దగ్గర మాత్రం రాక్షసుడైపోతారు. "గేటేం పాపం చేసిందండీ?" అని ఆవిడ ఎన్నోసార్లు తిట్టింది. ఆ చప్పుడు వినపడగానే నాగదుర్గ స్నానం చేసిన తలకి తమ చెట్ల కాయల నుంచి ఆడించిన కొబ్బరినూనె పట్టించుకుని, చేతులు కొంగుకి తుడుచుకుని, పీట తెచ్చుకుని తొట్టి పక్కన కూర్చుంటుంది. రెండు వేళ్ళు నీళ్ళలో ముంచుతుంది. ఆ చారల చేపలు రెండూ పరిగెత్తుకొచ్చి వేళ్ళ చివర్లు ముద్దాడతాయి. గిలిగింతలకి ఆవిడ చిన్నపిల్లలా నవ్వుతుంది. నవ్వి, కబుర్లు మొదలుపెడుతుంది. పక్కింటావిడ ఏమందో, కూతురు ఫోన్లో ఏం దాచిందో, మోకాలు ఎక్కడ నొప్పో, అన్నీ. ఇరవై రెండేళ్ళుగా పోగుపడ్డ కబుర్లు మరి, ఒక్క పూటలో తెమిలేవి కావు. పన్నెండింటికి ఆయనొచ్చే వేళకి పీట వంటింట్లో, ఆవిడ పొయ్యి దగ్గర, మొహం మీద చిరాకు. అన్నీ యథాస్థానంలో ఉండేవి.

ఇలా ఉండగా మస్కట్ హోటలు నుంచి ఫోను వచ్చింది. కొత్తవాళ్ళ చేతిలో తొట్టి పాడవుతోంది, మళ్ళీ రమ్మన్నారు. మూడేళ్ళ వీసా. నెలాఖరుకల్లా చెప్పాలి.

"ఏమంటావు దుర్గా?" అని తాతబ్బాయి గారు అడిగారు.

"నేననేదేముంది? ఇక్కడ ఖాళీగా కూర్చుని నా ఫ్యాను తిప్పడం కన్నా అక్కడే నయం" అంది నాగదుర్గ, వంకాయ తరుగుతూ. తరగడంలో వంకాయతో పాటు వేలు కూడా కాస్త తెగింది.

మర్నాడు పదకొండింటికి చేపలతో వేరేగా చెప్పింది. "ఈయన మళ్ళీ వెళ్ళిపోతే నా వల్ల కాదర్రా. విసిగిస్తే విసిగించాడు గానీ ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉంది. ఈసారి వెళ్తే నాకు మళ్ళీ గోడలే గతి."

దారి చూపించింది సాయిబాబే. దిండి దగ్గర గోదావరి ఒడ్డున పోలిరాజు గారు కొత్తగా రిసార్టు కడుతున్నారు. రొయ్యల వ్యాపారంలో ఆయన సాయిబాబుకి బాగా పరిచయం. ఆ రిసార్టు హాల్లో సముద్రపు చేపల తొట్టి పెట్టాలని ఆయన సరదా. దాన్ని చూసుకునే మనిషి కావాలి. "మా బావగారున్నారండి" అని సాయిబాబు చెప్పాడు. సరే, ఆదివారం పదింటికి వచ్చి ఇంట్లో తొట్టి చూస్తామన్నారు. ఆ పని దొరికితే తాతబ్బాయి గారు రోజూ సైకిలు మోటారు మీద వెళ్ళొస్తారు. దొరక్కపోతే మస్కట్.

ఆదివారం వచ్చింది. పదయింది, పదిన్నరయింది, పోలిరాజు గారి జాడ లేదు. దారిలో కనపడ్డ ప్రతి తెలిసినవాడి దగ్గరా కారాపి మాట్లాడడం ఆయన అలవాటు. పదకొండింటికి తాతబ్బాయి గారు "మలుపు దాకా ఎదురెళ్ళి తీసుకొస్తాను" అని బయల్దేరారు. గేటు ధడేలుమంది.

నాగదుర్గ ఆ రోజు తలంటుకుని, పెద్దమనుషులొస్తున్నారని మామూలు కన్నా రెండింతలు నూనె పట్టించి, గట్టిగా జడేసుకుంది. ఒక్క నిమిషం ధైర్యం తెచ్చుకుందామని తొట్టి దగ్గర కూర్చుని, వేళ్ళు ముంచింది. "ఇదిగో, మీ ఇద్దరికీ చెప్తున్నాను. వచ్చేవాళ్ళ ముందు బుద్ధిగా తిరగండి. మీ అయ్యగారి పరువు మీ చేతుల్లో ఉంది." చేపలకి చేతులెక్కడివన్న సంగతి ఆవిడకి ఆ కంగార్లో తోచలేదు.

పన్నెండుంబావుకి కారొచ్చింది. పోలిరాజు గారు గుమ్మానికి నిండుగా ఉన్నారు. వెంట విశాఖపట్నం నుంచి పిలిపించిన అనిల్ కుమార్ అనే ఆయన, ఇలాంటి తొట్టెలు అమర్చడంలో ఆరితేరినవాడు. "నేను చేపల్ని చూడనండి. స్కిమ్మరు చూస్తే మనిషి తెలిసిపోతాడు" అంటూ లోపలికొచ్చాడు. తాతబ్బాయి గారికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. అందరూ వెళ్ళి గొట్టం ముందు నిలబడ్డారు.

గొట్టంలో నురుగు లేదు. గాలిపోయిన గోలీసోడాలా నీళ్ళు ఊరికే కదులుతున్నాయి.

తాతబ్బాయి గారి చెయ్యి దానంతటదే మర వైపు వెళ్ళింది.

"ముట్టుకోకండి. ఉన్నది ఉన్నట్టు చూడాలి" అన్నాడు అనిల్ కుమార్.

ఉన్నది ఉన్నట్టు! తాతబ్బాయి గారిని అంత మాట అన్నవాడు అంతవరకు పుట్టలేదు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక రెండో చేత్తో పట్టుకుని వెనక్కి కట్టుకున్నారు.

అనిల్ కుమార్ ఫోను లైటు వేసి నీళ్ళ మీద ఏటవాలుగా పట్టాడు. వంగి వాసన చూశాడు. "కొబ్బరినూనె. ఎవరో నూనె చేత్తో నీళ్ళు ముట్టుకున్నారండి. ఇవాళే, గంట కిందట."

"అబ్బే, కాదండి" అన్నారు తాతబ్బాయి గారు గబుక్కున. "అదేం లేదండి. నాకే సెట్టింగు కుదరలేదు. రెండేళ్ళనించీ తిప్పుతున్నానండి. నాకు చేతకాలేదు."

సాయిబాబు అదిరిపడి బావగారి మొహం చూశాడు. బాసికం కూడా వదలని మనిషి నోట "చేతకాలేదు" అన్న మాట రావడం అతను ఎన్నడూ వినలేదు.

"చేతకాకపోవడం కాదండీ," అన్నాడు అనిల్ కుమార్. "నూనె చుక్క తగిలితే నురుగు ఛస్తుంది, దానికెవరూ ఏం చెయ్యలేరు. ఆ పూటకి నీటిమట్టం కొంచెం లేపితే ఎలాగో బండి నడుస్తుంది. నూనె విరిగేక దించెయ్యాలి, లేకపోతే పొంగుతుంది." అంటూ వంగి మర చూశాడు. గోళ్ళరంగు గీతలు కనిపించాయి. "ఈ రెండో గుర్తు సరిగ్గా దానికే పెట్టేరు. నూనె పడ్డ రోజు ఎంత లేపాలో అంతే. ఎన్నాళ్ళు చూసి పెట్టేరండీ ఇది? 'దు' అంటే ఏంటి?"

"దుమ్మండి."

"దుమ్ముకీ స్కిమ్మరుకీ సంబంధం లేదండి."

"ఉంటుందండి. మా కోనసీమ దుమ్ము వేరండి" అన్నారు తాతబ్బాయి గారు, నేల చూపులు చూస్తూ.

నాగదుర్గ కొబ్బరినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పళ్ళెం పట్టుకున్న తన వేళ్ళ వైపు చూసుకుంది. నిగనిగలాడుతున్నాయి. దు. రోజూ మధ్యాహ్నం ఆయన వచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా, తల వంచి, ఒక కన్ను మూసి తిప్పింది దుమ్ముకి కాదు. ఇంట్లో ఇంకే వస్తువు దగ్గరా చప్పుడు చెయ్యని మనిషి ఆ గేటొక్కటీ ధడేలుమని వేసింది, నేను వెళ్ళిపోయేను, ఇక నువ్వు కూర్చో అని చెప్పడానికి. ఆవిడకి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఊరంతా వెక్కిరిస్తే వెక్కిరింపులు పడ్డారు. ఇప్పుడు ఉద్యోగం పోతున్నా నోరు విప్పరు. నోరు విప్పకుండా మస్కట్ విమానం ఎక్కేస్తారు, ఖాయం.

తను నోరు విప్పితే? రెండేళ్ళుగా కూడబెట్టుకున్న బెట్టంతా గోదాట్లో కలుస్తుంది. చేపలతో కబుర్లు చెప్పే పిచ్చిది అని సెంటరంతా చెప్పుకుంటారు.

చెప్పుకోనీ.

"దుమ్మూ కాదు, ధూళీ కాదండి" అంది నాగదుర్గ, పళ్ళెం బల్ల మీద పెట్టి. "ఆ 'దు' నేను. దుర్గని. చెయ్యి నాదేనండి."

మొదట తేరుకున్నది సాయిబాబు. "నువ్వా అక్కా! చేపల కంపని ఊరంతా చాటింపు వేసేవు గదే!"

"నోర్ముయ్యరా. కంపూ ఉంది, చెయ్యీ పెట్టేను. రెండూ నిజమే."

"చెయ్యి ఎందుకు పెట్టేరు చెల్లెమ్మా?" అన్నారు పోలిరాజు గారు.

"కబుర్లు చెప్పడానికండి."

"చేపలకా?"

"ఆయ్." ఆవిడ మొహం కుంకుమ రంగయింది. "రోజూ పదకొండింటికండి. రెండేళ్ళనించీ. ఈయనకి అన్నీ చేతనవునండి. నా నూనె చేతికి ఈయన మాట పడుతున్నారు."

పోలిరాజు గారు అనిల్ కుమార్ వైపు చూశారు. అనిల్ కుమార్ అప్పుడు మొదటిసారి చేపల్ని చూశాడు. వాటి రెక్కలు చూశాడు, రంగు చూశాడు, తొట్టి అద్దాల మూలలు చూశాడు. "రాజుగారూ, రోజూ నూనె పడే నీళ్ళలో రెండేళ్ళు వీటిని ఇంత ఆరోగ్యంగా ఉంచేరంటే, ఈయనకి నేను చెప్పడానికేం లేదండి. నేనే నేర్చుకోవాలి."

పోలిరాజు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. "నాక్కావలసింది ఈయనేనండీ! రేపు మన రిసార్టులో చెయ్యి పెట్టొద్దని ఎంత బోర్డు పెట్టినా జనం ఆగుతారా? పకోడీ తిన్న చెయ్యి, నూనె రాసిన చెయ్యి, అన్నీ అందులోనే పెడతారు. సెట్టింగు పెట్టినచోటే వదిలేస్తే తొట్టి ఒక్కపూట బతకదు. కానీ ఆ నురుగు లేచేదాకా నేను కదల్ను. ఏం చెల్లెమ్మా, భోజనం ఉందా?"

ఉందా అని అడుగుతారా? పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, మామిడికాయ పప్పు. విస్తళ్ళ దగ్గర కూర్చున్నా తాతబ్బాయి గారి ప్రాణం ముందుగదిలోనే ఉంది. రెండుసార్లు లేవబోతే పోలిరాజు గారు భుజం పట్టి కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి ఊరుకోలేక విస్తరిని వెంట్రుకవాసి కుడికి జరిపింది. సాయిబాబు మాత్రం భోజనం చివర కాఫీ అనగానే "నాకొద్దక్కా" అని ముందే చెప్పేశాడు.

నాలుగింటికి గొట్టంలో మొదటి బుడగలు దగ్గరదగ్గరగా పేరుకోవడం మొదలైంది. నాలుగున్నరకి తెల్లటి నురుగు దట్టంగా, నింపాదిగా ఎక్కి గిన్నె అంచు దాటింది. మర 'పొ' దగ్గరే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అనిల్ కుమార్ తల ఊపాడు. "ఒకటో తారీకు నించి వచ్చెయ్యండి" అన్నారు పోలిరాజు గారు. తాతబ్బాయి గారు నమస్కారం పెట్టి, ఆ ఊపులోనే రాజుగారి చొక్కా కాలరు సర్దేశారు.

కారు వెళ్ళిపోయాక ఇద్దరూ తొట్టి ముందు మిగిలారు.

"రెండేళ్ళండీ," అంది నాగదుర్గ. "దుర్గా, చెయ్యి కడుక్కోవే అని ఒక్క ముక్క అనొచ్చు గదా?"

"అంటే నువ్వు మానేద్దువు."

"మానేస్తే మీ డబ్బా బాగుపడును గదా."

"డబ్బాదేముందిలే." తాతబ్బాయి గారు బట్టతల నిమురుకున్నారు. "ఒకసారి కళ్ళజోడు మర్చిపోయి వెనక్కొచ్చేను. కిటికీలోంచి చూస్తే నువ్వు నవ్వుతున్నావు. నువ్వలా నవ్వుతావని నాకు తెలీదు దుర్గా. సెలవుకి వచ్చినప్పుడల్లా నాకు వండిపెట్టడమే సరిపోయేది నీకు. ఆ నవ్వు చూశాక ఇంక దాన్ని సర్దడానికి నాకు చెయ్యి రాలేదు."

నాగదుర్గకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినవి జారితే ఈయన వాటిని కూడా సర్దుతారని భయమేసి, కొంగుతో గబగబా తుడిచేసుకుంది. "రేపట్నించి కుంకుడురసంతో కడుక్కుని పెడతాలెండి."

"అమ్మ బాబోయ్! కుంకుడురసం పడితే నురుగు వీధిలోకొస్తుంది. శనగపిండి, వేణ్ణీళ్ళు. అంతే." ఆ మాట చెప్పి, గొంతు తగ్గించి అన్నారు: "నేనూ మాట్లాడేవాణ్ణి."

"ఎవరితో?"

"మస్కట్‌లో, తొట్టి అద్దాలు తుడిచేటప్పుడు. అక్కడెవరికీ తెలుగు రాదు గదా, గట్టిగానే మాట్లాడేవాణ్ణి."

"చేపలతోనా? ఏమని?"

ఆయన మర వైపు చూస్తూ చెప్పారు. "అక్కడ తొమ్మిదిన్నరైతే ఇక్కడ పదకొండు. 'ఈపాటికి మా దుర్గ తలకి నూనె రాసుకుంటూ ఉంటుందర్రా' అనేవాణ్ణి."

"రోజూనా?"

"శుక్రవారం సెలవు. ఆ రోజు నీకు ఫోను చేసేవాణ్ణి గదా."

"ఫోన్లో ఏనాడూ ఆ ముక్క అన్లేదే! గ్యాసు వచ్చిందా, మోటారు పనిచేస్తోందా, ఇవే గదా అడిగేవారు!"

"ఫోన్లో అయితే నువ్వు వింటావు గదా" అన్నారు తాతబ్బాయి గారు.

నాగదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. మర్నాడు పదకొండింటికి శనగపిండితో చేతులు కడుక్కుని వచ్చేసరికి, ఆయన సెంటరుకి వెళ్ళలేదు. తొట్టి పక్కన రెండో పీట వేసుకుని కూర్చుని, మస్కట్‌లో మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, ఆ చారల చేపలకి అన్నీ చెబుతున్నారు. ఆవిడ వినడానికి పక్కన కూర్చుంది.